వంటమనిషి చేతి చుట్టుకొలత

చింతలోవ బాలికల వసతి గృహంలో పిల్లలకు ఇకమీదట ఆకలి వేయరాదని ఉత్తర్వు వచ్చిన పూట నూకరత్నం గంజి వారుస్తోంది. అరవై రెండు మందికి సరిపడే అన్నపు గుండిగ అది. రెండు చెవులూ మసిగుడ్డలతో పట్టుకుని, గట్టు అంచుకు ఆనించి, మూత జారకుండా మెల్లగా వంచాలి. ఇంకొక మనిషి ఉంటే చెరో చెవీ పట్టుకోవచ్చు. ఆ ఇంకొక మనిషి పోస్టు నాలుగేళ్లుగా ఖాళీ. ఖాళీగానే ఉందని ధ్రువీకరించమంటూ ఏటా ఒక కాగితం మాత్రం క్రమం తప్పకుండా వస్తుంది.

"నూకరత్నం, చేతులు కడుక్కుని రా. పైనుంచి కాగితమొచ్చింది," అంది వార్డెన్ సుగుణమణి గుమ్మంలో నిలబడి.

"గంజింకా దిగలేదండి మేడమ్‌గారూ. కాగితవైతే ఆగుద్ది. అన్నం ఆగదండి."

సుగుణమణి ఆగింది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆమె ఏ కాగితాన్నీ వెయిట్ చేయించి ఎరగదు. అయితే నూకరత్నం వండే అన్నం మెత్తబడితే ఏమవుతుందో ఆమెకూ తెలుసు. ఆ అన్నం ఆమె కూడా తినాలి.

గంజి దిగాక ఇద్దరూ స్టోరు గదిలో కూర్చున్నారు. ఉత్తర్వు పోషక ఫలితాల పర్యవేక్షణ విభాగం నుంచి వచ్చింది. పథకం పేరు 'పిడికెడు కండ'. సుగుణమణి కళ్లద్దాలు సర్దుకుని పైకి చదివింది.

"ప్రొటీను కండను పెంచుననియు, ఆకలిని తగ్గించుననియు శాస్త్రము నిరూపించియున్నది. కావున ఏ వసతి గృహమందు కండ పెరుగదో, ఆకలి తరుగదో, ఆ గృహమందు ప్రొటీను సక్రమముగా అందుట లేదని ఇందుమూలముగా భావింపబడును. ప్రతి శనివారము బాలికల కుడి మోచేతి పైభాగపు చుట్టుకొలత తీయవలెను. భోజన సమయమున మారు అడిగిన ప్రతి బాలికను ఒక ఆకలి సంఘటనగా రిజిస్టరునందు నమోదు చేయవలెను. నెలకు పది సంఘటనలు మించినను, మూడు నెలలలో సగటు చుట్టుకొలత ఒక సెంటీమీటరు పెరుగకున్నను, సదరు వంటమనిషిని తక్షణమే తొలగించవలెను."

నూకరత్నం చివరి వాక్యం మళ్లీ చదివించుకుంది. పద్నాలుగేళ్లుగా ఆ వంటగదిలోనే ఉంది. మొగుడు చనిపోయిన ఏడాదే ఇక్కడికి వచ్చింది. వంటగది వెనక రేకుల గదే ఆమె ఇల్లు. తొలగిస్తే ఉద్యోగంతో పాటు తల మీద రేకు కూడా పోతుంది.

"పిల్లకి ఆకలేత్తే నా తప్పాండి?"

"ఆకలి వేస్తే అని లేదే," అంది సుగుణమణి, కాగితాలను అక్షరం పొల్లుపోకుండా చదవడం తప్ప జీవితంలో మరో వ్యసనం లేని మనిషి. "మారు అడిగితే అని ఉంది."

నూకరత్నం ఒక క్షణం ఆ మాట నమిలి మింగింది. "అలాగాండి," అని లేచి పులుసు చూడ్డానికి పోయింది.

*

మర్నాడు కోదండపాణి వచ్చాడు. పోషక ఫలితాల పర్యవేక్షణాధికారి. సన్నటి మనిషి. పొట్టి చేతుల చొక్కాలో ఆయన చేతులు గుడిగంటలో నాలుకల్లా ఆడుతున్నాయి. వెంట ఒక టేపు, ఒక తెర, ఐదు రంగుల బ్యాడ్జీలు తెచ్చాడు. పిల్లలందరినీ భోజనాల హాల్లో కూర్చోబెట్టి తెర మీద కండల బొమ్మ వేశాడు. ఆ బొమ్మకు తల లేదు.

"బాలికలారా! ప్రొటీన్లన్నీ ఒక్కటి కావు. వాటి మూలాలు వేరు. ఏ మూలం ఎంత కండ పెంచుతుందో, ఎంత ఆకలి చంపుతుందో నిగ్గు తేల్చే చారిత్రక బాధ్యత మీ చేతుల మీద, అనగా కుడి చేతుల మీద, పెట్టబడింది." అని పిల్లల్ని ఐదు దళాలు చేశాడు. గుడ్డు దళం, పప్పు దళం, పాల దళం, చేప దళం, సోయా దళం. ఎవరి మూలం వాళ్లదే. ఒక దళం వాళ్లు ఇంకో దళం కంచంలో వేలు పెడితే ఫలితం కలుషితమవుతుంది.

"పాలలో రెండు రకాల ప్రొటీన్లున్నాయి. ఒకటి వడివడిగా కండలోకి చేరుతుంది, రెండోది నిదానంగా చేరుతుంది. పప్పులో లేనిది బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తేనే పూర్ణత్వం."

పప్పూ అన్నమూ కలిస్తే బాగుంటుందని తెర వేసి మరీ చెప్పిన మొదటి మనిషిని నూకరత్నం ఆసక్తిగా చూసింది.

సోయా దళం బ్యాడ్జీ తగిలించుకున్న మంగాదేవి చెయ్యెత్తింది. తొమ్మిదో తరగతి. కబడ్డీలో ఆ పిల్ల పట్టు పడితే విడిపించుకున్నవాళ్లు లేరు. అన్నంలో కూడా అంతే. "సార్, పాలోళ్లది పరిగెట్టుకుంటా వత్తాదంటున్నారు. మరి మా సోయా బస్సెక్కి వత్తాదాండి?"

పిల్లలు గొల్లుమన్నారు. కోదండపాణి వాళ్ల నవ్వులు ఆగేదాకా నిలబడి, "సోయా రవాణాపై అధ్యయనం జరుగుతోంది," అన్నాడు.

తరవాత అసలు సంగతి చెప్పాడు. ఆ రోజు నుంచి ఆటల మైదానానికి తాళం. భోజనం అయ్యాక గంటన్నర సేపు 'కండర నిర్మాణ వేళ'. పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చోవాలి.

"ఆడకూడదాండి?" అంది సుగుణమణి, కాస్త అనుమానంగా.

"మేడమ్, సిమెంటు తడిగా ఉండగా గోడ మీద ఎక్కి గెంతుతామా? ప్రొటీను తిన్న చేతిని ఊపితే ఏమవుతుంది? కట్టింది కట్టినట్టు రాలిపోతుంది. దీన్ని మేము శక్తి లీకేజీ అంటాం. రాష్ట్రంలో సగం కండ మైదానాల్లోనే కారిపోతోంది."

ప్రారంభ కొలతలు తీశారు. పోలిక నిమిత్తం సిబ్బంది చేతులు కూడా కొలవాలని ఉత్తర్వులో ఉంది. సుగుణమణికి ముప్పయ్యొకటి. నూకరత్నానికి ఇరవయ్యారున్నర సెంటీమీటర్లు. "తమరిది కూడా కొలవమంటారాండి?" అని మంగ అడిగితే, పర్యవేక్షణ విభాగానికి మినహాయింపు ఉందని కోదండపాణి చెప్పాడు.

జీపెక్కుతుంటే నూకరత్నం ఎదురెళ్లింది. "బాబుగారూ, చిన్న మాటండి. పప్పు దళానికి పెసరట్లూ వడలూ అన్నారు. సోయా ముక్కలు రుబ్బి బిళ్లలు చెయ్యాలన్నారు. గ్రైండరు పాడై ఆర్నెల్లయిందండి. రోజూ ఇన్నేసి పప్పులు రుబ్బురోట్లో రుబ్బాలంటే..."

"అది యంత్రాల విభాగం అమ్మా," అన్నాడు కోదండపాణి ఎంతో దయగా. "మాది కండరాల విభాగం."

*

నూకరత్నం అత్తగారు పెళ్లిళ్లలో వంటలు చేసేది. ఆవిడ కోడలికి నేర్పింది వంట కాదు, వడ్డన. "విస్తరి ముందు కూకున్న మనిషిని 'మారు కావాలా' అని అడక్కూడదే. అడిగితే ఆకలున్నోళ్లు సిగ్గుపడి వద్దంటారు. ఆకలి లేనోళ్లు మొగమాటానికి పెట్టమంటారు. గరిటె పట్టినదానికి కళ్లుండాలి," అనేది.

నూకరత్నం పద్నాలుగేళ్లుగా అలాగే వడ్డిస్తోంది. ముద్దలు చిన్నవవుతున్నాయంటే పిల్లకు చాలిందన్నమాట. కంచం అంచులు వేలితో తుడుస్తోందంటే చాలలేదన్నమాట. ఏ పిల్లా నోరు తెరవక ముందే గరిటె దిగిపోతుంది. ఉత్తర్వు వచ్చాక ఆమె చేసిన మార్పల్లా ఒకటే. వడ్డించే ముందు హాలు మధ్యలో నిలబడి, "ఎవత్తైనా నోరిప్పి మారడిగిందో, వీపు పగిలిపోద్ది!" అని ఒక కేక వేసేది. ఆ తరవాత అందరికీ మారు పెట్టేది.

దాంతో ఆకలి సంఘటనల రిజిస్టరులో మొదటి నెల సున్నా. రెండో నెల సున్నా. సుగుణమణి ఆ సున్నాలను రూపాయి బిళ్ల పెట్టి గీసినంత పొందికగా చుట్టేది. అవి అబద్ధం కాదు గదా.

ఇక దళాల సంగతి. వరసల్లో కూర్చున్న పిల్లల వీపుల వెనక నుంచి మొదటి రోజే సంత మొదలైంది. అర గుడ్డుకు రెండు వడలు. చేప ముక్కకు గ్లాసెడు పెరుగు. సోయా బిళ్లలు ఇస్తే ఏమీ రాదు, ఎవరైనా పుచ్చుకుంటే మహోపకారం. వారం తిరక్కుండా ఏ దళం కడుపులో చూసినా ఐదు మూలాలూ ఉన్నాయి. సుగుణమణి అటు తిరిగినప్పుడు బ్యాడ్జీల్ని మాత్రం లెక్క చూసుకునేది. అవి సరిగ్గానే ఉండేవి.

కండర నిర్మాణ వేళే దుర్భరంగా ఉండేది. అరవై రెండు మంది పిల్లలు చేతులు ఒళ్లో పెట్టుకుని, ఫొటో తీసేవాడి కోసం ఎదురుచూస్తున్నట్టు కూర్చునేవారు. కిటికీలోంచి తాళం వేసిన మైదానం కనిపించేది. కబడ్డీ గీతల మీద గడ్డి మొలిచింది. ఈగ వాలినా తోలకూడదు, లీకేజీ అవుతుంది. "పిన్నీ, నా సెయ్యి నాదేనా అని డౌటొత్తంది," అనేది మంగ నూకరత్నంతో.

అదే గంటన్నరలో వంటగది వెనక నూకరత్నం రుబ్బురోలు ముందు కూర్చునేది. పెసలు, మినుములు, నానబెట్టిన సోయా. పొత్రం ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి. ఆ తరవాత నీళ్ల బిందెలు. ఆ తరవాత గుండిగలు. రాత్రికి ఒక గిన్నెడు గంజన్నంలో ఆవకాయ ముక్క వేసుకుని తిని పడుకునేది. ఆమెకు గుడ్డు పడదు. చేప వండుతుందే గాని వండిన వాసనకే కడుపు నిండిపోతుంది. జాకెట్టు కుడి చెయ్యి కుట్టు బిగుసుకుపోయి ఒక రోజు పిగిలితే, చవక గుడ్డ అనుకుని మళ్లీ కుట్టుకుంది.

*

మూడు నెలలు పూర్తయ్యాయి. కోదండపాణి టేపుతో దిగాడు. అరవై రెండు చేతులు కొలిచాడు. సగటు పెరుగుదల సున్నా. గుడ్డు దళం సున్నా, చేప దళం సున్నా, మిగతావీ అంతే. ముగ్గురు పిల్లల చేతులైతే కదలక కాస్త తగ్గాయి కూడా.

నూకరత్నం గుమ్మం పక్కన నిలబడి ఉంది. తన రేకుల గదిలో సర్దుకోవలసిన సామాను ఏమేముందో మనసులో చూసుకుంటోంది. ఎక్కువేం లేదు.

కోదండపాణి మాత్రం ఆకలి రిజిస్టరు తెరిచి కొయ్యబారిపోయాడు. "సున్నా! మూడు నెలల్లో ఒక్క ఆకలి సంఘటన లేదు! జిల్లాలో ఎక్కడా లేదిలా!" కుర్చీలోంచి లేచి పచార్లు మొదలుపెట్టాడు. "మేడమ్, ఆలోచించండి. ఆకలి చచ్చింది. అంటే ప్రొటీను హాస్టలుకు చేరింది. కండ పెరగలేదు. అంటే ప్రొటీను పిల్లలకు చేరలేదు. చేరిన ప్రొటీను ఏమైంది? గాల్లో కలిసిపోదు. అది ఈ ప్రాంగణంలోనే ఎక్కడో, ఎవరి ఒంట్లోనో..."

సరిగ్గా అప్పుడే వంటగదిలో అన్నం పొంగింది. నూకరత్నం పరుగెత్తి గుండిగను ఒక్క ఊపున పొయ్యి మీంచి దించింది. కోదండపాణి ఆ చెయ్యి చూశాడు. వేటగాడు జింకను చూసినట్టు చూశాడు.

"ఆవిడను కొలవండి."

ఇరవై తొమ్మిది.

"రెండున్నర సెంటీమీటర్లు!" అన్నాడు కోదండపాణి గొంతు తగ్గించి. ఆ గొంతులో కోపం కంటే ఆనందం ఎక్కువుంది. "ఇదిగో పిల్లల కండ."

మూడో రోజున అభియోగ పత్రం వచ్చింది. 'అరవై రెండు మంది బాలికలకు ఉద్దేశించిన కండను సదరు వంటమనిషి తన కుడిచేతికి దారి మళ్లించినట్లు ప్రాథమికముగా తేలినది' అని ఉంది అందులో. విచారణ స్టోరు గదిలో, బియ్యం బస్తాల మధ్య జరిగింది.

"గుడ్లు తింటావా?"

"నాకు గుడ్డు పడదండి."

"చేపలు?"

"వాసన పడదండి."

"మరేం తింటావు?"

"గంజన్నవండి. ఆవకాయ ముక్క. గిన్నె అడుగున పప్పు మిగిలితే ఓ గరిటె."

కోదండపాణి జాలిగా తల ఊపాడు. "గంజి ప్రొటీన్ల జాబితాలో లేదమ్మా. జాబితాలో లేనిది కండ పెంచలేదు. నీ కండ పెరిగింది. కాబట్టి నువ్వు గంజి తినలేదు. అబద్ధమాడడం రెండో అభియోగం అవుతుంది, జాగ్రత్త."

"బాబుగారూ, రుబ్బితే పెరిగిందండి. మూణ్ణెల్లు రోజూ..."

"రుబ్బడం కూడా జాబితాలో లేదు."

సంజాయిషీ రాతపూర్వకంగా ఇవ్వాలన్నారు. నూకరత్నం చెప్పింది, సుగుణమణి రాసింది. ఆఖర్న, "రెక్కాడితే గాని డొక్కాడదంటారండి పెద్దలు. నాకు రెక్క ఆడిందండి, మరింకేం తెలీదండి" అని చేర్పించింది. ఆ కాగితం వారం రోజులకు తిరిగొచ్చింది. 'పెద్దలు' అన్న మాట కింద ఎర్ర గీత, అంచున ఒక రిమార్కు. 'సదరు పెద్దలు ఎవరు? వారి హోదా ఏమి? ఆధారములు జతపరచలేదు.'

తొలగింపు మాత్రం వెంటనే జరగలేదు. ఎందుకంటే దొంగను పంపించేస్తే సొత్తు కూడా పోతుందని పైవారు గ్రహించారు. ముందు రికవరీ జరగాలి. మళ్లించిన కండ పిల్లలకు తిరిగి చేరాలి. అందాకా ఆ చెయ్యి సాక్ష్యం. సాక్ష్యాన్ని ఎవరూ కదపరాదు.

ఆ రకంగా నూకరత్నం కుడిచేతిని తెల్లగుడ్డతో మెడకు కట్టి, ముడి మీద లక్క కరిగించి, విభాగం ముద్ర వేశారు. స్నానానికి వారానికొకసారి వార్డెన్ సమక్షంలో విప్పి, మళ్లీ ఆమె చేతే ముద్ర వేయించుకోవడానికి అనుమతి. బదులు మనిషిని ఇస్తారా అని సుగుణమణి అడిగింది. బదులు మనిషి అడిగే ఫారం వంటమనిషి తొలగింపబడితేనే వర్తిస్తుందట. ఈమె తొలగింపబడలేదు, కదలకుండా ఉంది, అంతే.

*

ఆ సాయంత్రం నూకరత్నం పొయ్యి ముందు ఒంటి చేత్తో నిలబడింది. ఎడమ చేత్తో కట్టె తోసింది. ఎడమ చేత్తో బియ్యం కడిగింది. గుండిగ మాత్రం లేవలేదు. అరవై రెండు మంది తిండి అది. కళ్లలో నీళ్లు తిరిగితే ఎడమ భుజానికి రాసి తుడుచుకుని, ముక్కు ఎగపీల్చుకుంది.

"పిన్నీ, నువ్వు పక్కకి జరుగు," అంది మంగ వెనక నుంచి. దాని వెనక కబడ్డీ జట్టు మొత్తం ఉంది.

"పోండే ఇక్కణ్ణించి! పిల్లల సేత పని సేయిత్తే నా ఉజ్జోగం కాదు, మేడమ్‌గారి ఉజ్జోగం కూడా పోద్ది."

"పనెవరు సేత్తన్నారు? కూకుని కూకుని సచ్చిపోతన్నాం. ఓ బరువు ముట్టుకోనీ పిన్నీ, నీకు పున్నెం ఉంటాది."

నూకరత్నం గుమ్మంలో నిలబడ్డ సుగుణమణి వైపు చూసింది. సుగుణమణి కళ్లద్దాలు తీసి చీర కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టింది. అద్దాలు లేకపోతే ఆమెకు ఏమీ కనిపించదు. ఆ పూట నుంచి కండర నిర్మాణ వేళలో ఆమె అద్దాలకు రోజూ దుమ్ము పట్టేది.

ఇద్దరు చెరో చెవీ పట్టుకున్నారు. గుండిగ లేచింది. "వంచు... నిదానవే... మూత సూసుకో," అని నూకరత్నం పక్కన నిలబడి చెప్పింది. మర్నాటి నుంచి రుబ్బురోలు దగ్గర వంతులు. గడ్డి మొలిచిన మైదానంలో ఆడాల్సిన ఆట అంతా రోటి దగ్గరికొచ్చింది. ఒకతె పొత్రం పట్టుకుని 'కబడ్డి కబడ్డి కబడ్డి' అంటూ ఒక్క ఊపిరిలో ఎన్ని చుట్లు తిప్పితే అన్ని పాయింట్లు. మంగ డెబ్భయ్యెనిమిది తిప్పింది. పాల దళం నాయకురాలు ఎనభై తిప్పానంది, అది తొండి అని గొడవైంది. బిందెలు ఎత్తుకుని పరుగు పందేలు పెట్టుకున్నారు. మినప్పిండి ఎప్పుడూ లేనంత వెన్నలా వచ్చింది.

వడ్డన దగ్గర చిక్కొచ్చింది. ఎడమ చేత్తో వడ్డించడం నూకరత్నం వల్ల కాదు. తినే పిల్లకు ఎడమ చెయ్యి చూపించడం కన్నా పస్తు పెట్టడం నయం ఆమె లెక్కలో. అందుకని గరిటె మంగ పట్టుకుంది, నూకరత్నం పక్కన నడిచింది. నోరు మెదపకుండా గడ్డంతో చూపించేది. ఇటు. అటు. ఆ మూలపిల్లకి ఇంకో గరిటె. రుబ్బి, మోసి, పరుగెత్తిన పిల్లలు ఇప్పుడు ఇదివరకటికి రెట్టింపు తింటున్నారు. అయినా నోరు తెరిచి అడిగినవాళ్లు లేరు. రిజిస్టరులో సున్నాలే.

నూకరత్నానికి మాత్రం పిల్లలే తినిపించేవారు. ఎడమ చేత్తో తాను తినదు గదా. పప్పు దళం ముద్ద, పాల దళం ముద్ద. గుడ్డు పడదంటే చేత్తో మెదిపి అన్నంలో దాచిపెట్టేవారు. వాసన పడదంటే చేప ముక్కకు నిమ్మకాయ పిండి, "ముక్కు మూసుకో పిన్నీ," అని నోట్లో పెట్టేది మంగ. ఎవరికీ అక్కర్లేని సోయా బిళ్లలు కూడా ఆమెకే చేరేవి. అలా నూకరత్నం జీవితంలో మొదటిసారిగా ఐదు మూలాల ప్రొటీనూ మూడు పూటలా తిని, చేతిని కదపకుండా కూర్చుంది.

మూడు నెలలు గడిచాయి.

*

ఈసారి కోదండపాణి ఒక్కడే రాలేదు. పై విభాగం నుంచి ఇద్దరు, ఫొటోలు తీసే మనిషి ఒకడు వచ్చారు. లక్క ముద్ర చెక్కు చెదరలేదని అధికారులు ముగ్గురూ పరీక్షించి సంతకాలు చేశారు. ముడి విప్పారు. నూకరత్నం చెయ్యి పొలం గట్టున ఆరేసిన తువ్వాలులా కిందకు జారింది.

ఇరవయ్యారు.

తరవాత పిల్లల్ని కొలిచారు. ఒక్కొక్క కొలతా రాస్తుంటే కోదండపాణి పెన్ను వేగం పెరిగింది. సగటున ఒక సెంటీమీటరు పైన ఒక గీత. మంగకైతే రెండు సెంటీమీటర్లు. ఆయన పెన్ను మూత పెట్టి కళ్లు ఒత్తుకున్నాడు.

"తగ్గిన చేతిలో తగ్గింది. పెరగాల్సిన చేతుల్లో పెరిగింది. సంపూర్ణ రికవరీ! దేశంలో ఇంతవరకు డబ్బు రికవరీ కావడమే అరుదు. మనం కండ రికవరీ చేశాం!"

"బాబుగారూ," అంది నూకరత్నం. ఇక పోయేదేం లేదనిపించి, ఉన్న మాట చెప్పేద్దామనుకుంది. "పిల్లలు రుబ్బారండి. బిందెలు మోశారండి. అందుకు పెరిగిందండి. నా సెయ్యి కదల్లేదు గనక తగ్గిందండి. ఐదు రకాలూ తిన్నా తగ్గిందండి."

సుగుణమణి అద్దాలు తీసేసింది. పై విభాగం మనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో పెద్దాయన చిన్నగా దగ్గి, "ఈవిడ ఐదు రకాలూ తిన్నానని ఒప్పుకుంటోంది. రాసుకోండి," అన్నాడు.

"మొదటి అభియోగం స్వయంగా రుజువు," అన్నాడు కోదండపాణి రాసుకుంటూ. "మిగతాది జాబితాలో లేదు."

అభియోగం రుజువైంది కాబట్టి తొలగింపే. సామాను పోయినసారే సర్ది ఉంది, విప్పనేలేదు.

అంతలో పెద్దాయనకు ఒక అనుమానం వచ్చింది. "కోదండపాణీ, వచ్చే మూడు నెలల లక్ష్యమెంత?"

"మరో సెంటీమీటరు సార్."

"ఈవిడను తీసేస్తే అది ఎక్కడి నుంచి వస్తుంది?"

కోదండపాణి ఉలిక్కిపడ్డాడు. గుడ్డు, పప్పు, పాలు, చేప, సోయా, ఐదూ కలిసి మొదటి మూడు నెలల్లో పెంచింది సున్నా. ఈవిడ ఒక్కతే పెంచింది సెంటీమీటరు. ముగ్గురూ పక్కకు వెళ్లి మాట్లాడుకుని వచ్చారు.

ఉత్తర్వు పది రోజులకు వచ్చింది. అన్ని వసతి గృహాలకూ ప్రతులు వెళ్లాయి. సుగుణమణి స్టోరు గదిలో కూర్చుని అక్షరం పొల్లుపోకుండా చదివింది.

"కండరాభివృద్ధికి గుర్తింపు పొందిన మూలములు: గుడ్డు, పప్పు, పాలు, చేప, సోయా, వంటమనిషి. ప్రతి వంటమనిషి మొదటి మూడు నెలలు కండను సేకరించి, తదుపరి మూడు నెలలు ముద్ర వేయించుకొని బాలికలకు తిరిగి చెల్లించవలెను. చింతలోవ వంటమనిషిపై చర్య నిలిపివేయడమైనది. ఆమె ఇకమీదట ఆరవ రంగు బ్యాడ్జీ ధరించవలెను. మరియు సదరు గృహమందు వంటమనిషి కుడిచేయి లేకుండగనే మూడు నెలలు వంట సజావుగా సాగినందున, సహాయకురాలి పోస్టు అనవసరమని తేలి, శాశ్వతముగా రద్దు పరచడమైనది."

"అంటే నేనుంటానాండి?"

"ఉంటావు."

"అది సాలండి," అంది నూకరత్నం. లేచి, "ఖాళీ ఉందని ఏటా వచ్చే కాగితం ఇంక రాదన్నమాట," అంది.

ఆ మధ్యాహ్నం ఆమె చేతులు కడుక్కుని, ఊదారంగు బ్యాడ్జీ పవిట కింద తగిలించుకుని, గుండిగ దగ్గరికెళ్లింది. కుడి చెయ్యి వేసి ఎత్తబోయింది. గుండిగ ఇసుమంత కూడా కదల్లేదు. రెండో చెవి దగ్గర మంగ అప్పటికే నిలబడి ఉంది. ఏమీ అనకుండా పట్టుకుంది. గంజి దిగింది.

పిల్లలు వరసల్లో కూర్చున్నారు. గరిటె మంగ అందుకోబోతే నూకరత్నం చేతి మీద ఒక్కటి వేసి, "పోయి కూకో. ఇది నాది," అంది. మూడు నెలల తరవాత కుడిచేత్తో పట్టుకున్న గరిటె వణికింది. మొదటి వరసలో పప్పు రెండు చుక్కలు నేల మీద పడ్డాయి. ఎప్పుడూ పడనివి. పిల్లలంతా అది చూశారు, చూడనట్టు తిన్నారు.

రెండో చుట్టు వచ్చింది. మంగ కంచం అంచులు వేలితో తుడిచేసి ఉంది. ఆ పిల్ల పిన్ని చెయ్యి వంక చూసింది. గబుక్కున కంచం మీద అరచెయ్యి బోర్లా పెట్టింది.

"నాకు సాలు పిన్నీ. కడుపు నిండిపోయింది."

నూకరత్నం మంగ వేలి మీద పప్పు చారలు చూసింది. ఎడమ చేత్తో ఆ పిల్ల అరచేతిని పక్కకు తోసి, వణుకుతున్న గరిటెను నిండుగా ముంచి, కంచం మధ్యలో దింపింది.

"నిన్నెవరడిగారే?" అంది.